తాళం వేసిన ఇంటి ఓటు

మా దగ్గర దసరా దాటితే సగం ఇళ్లకు తాళాలే. మేస్త్రీ బండి మాట్లాడుకొని వస్తాడు, జనం పుణెకో ముంబైకో కట్టడం పనులకు పోతారు, వానలు పడే వేళకు తిరిగొస్తారు. పెద్దమందడి చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు, తాళం పడిందంటే ఊరు విడిచిపోయారని కాదు, పనికి పోయారని. ఇరవై ఏళ్లుగా అక్కడే అంగన్‌వాడీ టీచరుగా ఉన్న నాకు ఆ సంగతి తెలియదంటే ఎవరు నమ్ముతారు?

ఓటరు జాబితా పని కూడా మాకే అంటగట్టారు. పంచాయతీ ఎన్నికల ముందు ఇంటింటికీ తిరిగి ఎవరున్నారో, ఎవరు లేరో రాయమన్నారు. తాళాలున్న ఇళ్లవాళ్లకు ఫోన్లు చేశాను. మా కేంద్రం వెనక వాడలో ఒక అవ్వ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, సెంటు భూమి లేదు. అరవై దాటినా పుణెలో ఇసుక జల్లెడ పట్టేది. ఆమెకు ఫోను లేదు. మేస్త్రీకి ఒక్క ఫోను కొట్టి అడిగితే అయిపోయేది. కానీ ఎండ, కాళ్లనొప్పులు, పైనుంచి "ఇంకా కాలేదా" అని ఒకటే పోరు. "శాశ్వతంగా వెళ్లిపోయారు" అన్న గడిలో టిక్కు పెట్టేశాను. తర్వాత పేరు తీసేస్తున్నామని నోటీసు వస్తే దాన్ని ఆమె తలుపు సందులోంచి లోపలికి తోసిందీ నేనే. అవ్వకు చదువు రాదు, పైగా ఊళ్లో లేదు.

పంచాయతీ ఎన్నికలప్పుడు వాళ్ల వాడ నుంచి మొదటిసారి ఒకామె వార్డుకు నిలబడింది. ఆ కబురు పుణె దాకా పోయింది. పోలింగు రోజు నేను బడి బయట చీటీలు రాసిస్తూ కూర్చున్నాను. పదకొండు దాటాక అవ్వ ఆటో దిగింది. రెండు బస్సులు మారి వచ్చిందట. చంకలో సంచి, జుట్టులో ఇంకా సిమెంటు దుమ్ము. సంచి కూడా దించకుండా ఓటరు కార్డు నా ముందు పెట్టింది.

"నా చీటీ ఇయ్యి బిడ్డా. ఒంటిగంటకు బంద్ చేస్తరంట గద."

జాబితాలో వెతికినట్టు నటించాను.

"నీ పేరు లేదవ్వా."

"ఎట్ల లేదు? కార్డు ఉన్నది గద. జర మంచిగ చూడు."

లోపలున్న ఆఫీసరు దగ్గరికి తీసుకుపోయాను. కార్డు ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదన్నాడు. అవ్వ బయటికొచ్చి బడి అరుగు మీద కూలబడింది.

"ఇల్లు కూలవట్టె, భూమి లేకపాయె. నేను గీ ఊరిదాన్నని చెప్పనీకి నాకున్నది గదొక్కటే. ఎవరు తీసిండ్రు బిడ్డా?"

అప్పుడే చెప్పాల్సింది. చెబుదామని నోరు తెరిచాను కూడా.

"పైనోళ్లవ్వా, కంప్యూటర్ల పోయినట్టుంది" అన్నాను. సిగ్గులేని నోరు నాది.

"గట్లనా. మరి నువ్వేం జేస్తవ్ పాపం, పరేషాన్ గాకు" అని నా భుజం తట్టింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆ మధ్యాహ్నమే కొత్తగా పేరు చేర్చే ఫారం నేనే నింపి ఆమె వేలిముద్ర వేయించాను. "మల్ల ఓట్లకు తప్పకుండ వస్త" అని చెప్పి మర్నాడు పుణె బస్సెక్కింది. నిలబడ్డామె ఓడిపోయింది. ఒక్క ఓటుతో కాదు, చాలా ఓట్లతోనే. ఆ మాట చెప్పుకొని మనసు కుదుటపరచుకోవాలని చూశాను, కుదరలేదు.

కొత్త కార్డు వేసవిలో వచ్చింది. వానలకు అవ్వ వస్తుంది, కార్డు చేతిలో పెట్టి నిజం చెప్పేస్తానని రోజూ అనుకునేదాన్ని. వానలకు ముందే మేస్త్రీ వచ్చి చెప్పాడు, జ్వరమొచ్చి అక్కడి దవాఖానలో పోయిందని. అక్కడే పూడ్చేశారట.

చనిపోయినవాళ్ల పేర్లు జాబితా నుంచి తీయించడం కూడా నా పనే. రెండు వారాలు ఆ ఫారం ముట్టుకోలేదు. చివరికి కూర్చుని అవ్వ పేరు నింపి, కారణం దగ్గర "మరణం" అని రాశాను. రెండోసారి ఆమె పేరు కొట్టేసిందీ నేనే. ఈసారి రాసింది మాత్రం నిజం.