వంకాయను నమ్మి మాంసంలో ఉప్పు

మాంసం మానేసినవాళ్ళు మహా అయితే తమ ఒంటికి ఏదో మేలో కీడో చేసుకుంటారు. నేను మానేస్తే మాత్రం దర్శి నుంచి వచ్చిన మగపెళ్ళివారంతా నీళ్ళ డ్రమ్ముల చుట్టూ మూగి, గ్లాసులు చాలక చెంబులు, చెంబులు చాలక దోసిళ్ళు పట్టాల్సి వచ్చింది. ఆ పెళ్ళి మా చెల్లెలిదే. ఆ ఘనత నాదే. ఎలాగో చెబుతాను, కాస్త మంచినీళ్ళు దగ్గర పెట్టుకు కూర్చోండి.

ముందు నా నాలుక గురించి చెప్పాలి. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకండి. అనుకున్నా ఫర్వాలేదు, గొప్పలే చెప్పుకుంటున్నాను. ప్రత్తిపాడులో మాది పరుపుల కొట్టు. తాతల నాటి నుంచీ దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. పరుపు మీద చెయ్యి వేసి అందులోది కొత్త దూదో పాత దూదో మా నాయన చెప్పేవాడు. నేను కూరలో ముక్క నాలుక మీద వేసుకుని, ఆ మేక పొలం గట్ల మీద మేసిందో, వినుకొండ వైపు కొండల్లో మేసిందో చెప్పేవాణ్ణి. నిజమేనా అని అడక్కండి. ఇంతవరకు ఏ మేకా వచ్చి కాదనలేదు.

మా వైపు పెద్ద భోజనాలకు ఒక పద్ధతి ఉంది. కూర దించేముందు వంట మాస్టరు గరిటెతో ఒక ముక్క తీసి, ఊళ్ళో నమ్మకమైన మనిషిని పిలిపించి ఉప్పు చూపిస్తాడు. ఆ మనిషి తల ఊపాకే వడ్డన. మా ఊళ్ళో ఎవరింట్లో మాంసం వండినా ఆ మనిషిని నేనే. పెళ్ళిళ్ళు వండే సిలార్ మామ నోట్లో ఎప్పుడూ జర్దా కిళ్ళీ ఉండేది. ఆ నోటికి ఉప్పూ పంచదారా ఒకటే. అందుకని గుండిగ పక్కన నిలబడి, "నాగూరేడిరా? నాగూరు చూడందే దించేది లేదు!" అని కేకలు పెట్టేవాడు. ఆ కేక వినబడితే చాలు, నా ఛాతీ అప్పుడే ఏకిన దూదిలా పొంగేది.

ఈ పొంగు చూడలేనివాడు ఒకడుండేవాడు. నా చిన్ననాటి స్నేహితుడు సుబ్రహ్మణ్యం. హైస్కూల్లో తెలుగు మాస్టారు. తండ్రిగారిది పౌరోహిత్యం. మాంసం మాట అటుంచి, వెల్లుల్లి కూడా గడప దాటి రాని ఇల్లు. అతనికున్న ఒకే ఒక్క వ్యసనం కాఫీ. ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర నా నాలుక ప్రతాపం నలుగురికీ వినిపిస్తుంటే కాఫీ గ్లాసు ఊదుకుంటూ అన్నాడు:

"ఒరేయ్ నాగూరూ, నీ నాలికలో ఏం లేదురా. ఉన్నదంతా మాంసంలోనే ఉంది. మసాలా, మూలుగ తగిల్తే ఎవడైనా రుచి చెప్తాడు. నీ ముందు వంకాయ పెడితే తెలుస్తది నీ సంగతి."

"వంకాయకి రుచేందిరా? నూనె తాగే కాయ!"

"అదే నే చెప్పేది. ముక్క లేకుండా నువ్వు వారం ఉండలేవు."

"వారమేందిరా! మా చేలో మిరపకాయ కోసి, ఎండబెట్టి, గుంటూరు యార్డుకు తోలిందాకా ముక్క ముట్టను. ఏమనుకుంటున్నావో!"

అప్పటికి మా మిరప చేను ఇంకా పూతకు కూడా రాలేదు. ఆ సంగతి నోరు జారాక గుర్తొచ్చింది. కానీ టీ కొట్టు నిండా జనం. వెనక్కి తగ్గితే ఏం బాగుంటుంది?

"సరే, నేను ముక్క మానతా. మరి నువ్వేం మానతావ్?" అన్నాను.

సుబ్రహ్మణ్యం చేతిలోని గ్లాసు వంక చూశాడు. చివరి గుక్క తాగాడు. "కాఫీ," అన్నాడు. ఎవరు ముందు తప్పితే వాళ్ళు ఆ కొట్టు ముందే నిలబడి "నేను ఓడిపోయాను" అని గట్టిగా అనాలని జనమే తీర్మానించేశారు.

ఇంట్లో చెబితే అమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమోనని. మాంసం లేకుండా నేనెలా బతుకుతానని బెంగపడి మీల్ మేకర్ వండింది. మీరు తిన్నారో లేదో గానీ, మా కొట్లో దూదికి మసాలా పట్టిస్తే అచ్చం అలాగే ఉంటుంది. సుబ్రహ్మణ్యం వాళ్ళమ్మగారు జాలిపడి పిలిచి ముద్దపప్పు, బీరకాయ, మునక్కాడ పులుసు పెట్టేవారు. మునక్కాడ చేతికి రాగానే నాకు తెలియకుండానే దాన్ని విస్తరి మీద టకటకా కొట్టి, మూలుగ కోసం జుర్రడం మొదలుపెట్టాను. ఆవిడ వంటింట్లోకి పోయి నవ్వుకున్నారు. ఆదివారం పొద్దున కసాయి కొట్టు ముందునుంచి పోవాల్సి వస్తే సైకిలు దిగి, తల అవతలికి తిప్పుకుని నడిపించుకుపోయేవాణ్ణి, అప్పులవాడి ఇంటిముందు నుంచి పోయినట్టు. ఆ ఏడు రంజాను చలికాలంలో వచ్చింది. పండగనాడు ఇల్లంతా పలావు వాసన. నేను సేమియా పాయసం తాగి, బయటికొచ్చి మిరప చేలో కూర్చుని, "తొందరగా ఎర్రబడండే" అని కాయల్ని బతిమాలుకున్నాను.

అవతల సుబ్రహ్మణ్యం సుఖపడ్డాడనుకునేరు. తలకు తువ్వాలు బిగించుకుని పాఠం చెబుతున్నాడనీ, పిల్లలు పద్యం తప్పు చదివినా "ఊఁ" అంటున్నాడనీ వార్తలొచ్చేవి. ఆ వార్తే నాకు ముక్క తిన్నంత బలం.

కానీ నిజం ఒప్పుకోవాలి. తినగా తినగా వంకాయ నాకు నచ్చింది. నచ్చడమే కాదు, ముల్లు వంకాయేదో మామూలు వంకాయేదో, నీళ్ళెక్కువైన తోటలోదో కాదో చెప్పేస్థాయికి చేరాను. పాత పొగరుకు కొత్త చిగురు వేసింది. "చూశావా, నాలికంటే ఇదీ!" అని సుబ్రహ్మణ్యం వాళ్ళింట్లోనే చెప్పుకున్నాను.

సరిగ్గా అప్పుడే మా చెల్లెలు ఫాతిమకు దర్శి సంబంధం కుదిరింది. మగపెళ్ళివారు తొందరపడ్డారు, పెళ్ళి మిరపకోతల మధ్యలోనే పడింది. అబ్బాయి మంచివాడు, ఇల్లు మంచిది, ఒక్కటే చిక్కు. వాళ్ళు భోజనం దగ్గర మహా పట్టింపు మనుషులు. ఆ ఇంటి పెద్దకోడలి పెళ్ళిలో పలావు అడుగంటిందట. ఇప్పటికీ ఆవిణ్ణి "మాడు కోడలు" అనే పిలుస్తారట. ఈ సంగతి విన్నప్పటి నుంచి ఫాతిమకు నిద్ర లేదు.

"అన్నా, కూర నువ్వు చూస్తావుగా? జీవితాంతం ఆ పేరుతో పిలిపించుకోలేను నేను."

"నేనుండగా నీకెందుకమ్మా భయం!" అన్నాను.

పక్కనుంచి మా జేజి, అంటే మా నాయనమ్మ, అందుకుంది. "ఎట్టా చూస్తావురా? ముక్క ముట్టనని ఒట్టు పెట్టుకుంటివి."

"ఏదో ఒకటి చేస్తాలే జేజీ."

"రోజా ఉన్నప్పుడు కూడా వండే ఆడోళ్ళు నాలిక చివర పెట్టుకుని ఉప్పు చూసి ఊసేస్తారురా. దానికి లేని పట్టింపు నీ పందేనికెందుకురా?"

"రోజా పొద్దు గూకితే విప్పుతారు జేజీ. నా మాట మిరపకాయలు యార్డుకు పోతేగానీ విప్పను!"

జేజి చేతికి ఏమీ దొరక్క విసనకర్రతోనే కొట్టింది. సుబ్రహ్మణ్యం కూడా వచ్చి, "ఆడపిల్ల విషయంరా. ఆ ఒక్కరోజుకి వదిలేద్దాం," అన్నాడు. "అట్టా కుదరదు. వదిలెయ్యాలనుంటే ముందు నువ్వు కాఫీ తాగు," అన్నాను. "ఇన్నాళ్ళ తలనొప్పి వృథా చేసుకుంటానా? పో," అని వెళ్ళిపోయాడు. మగాళ్ళ పంతాలంటే ఇవే మరి.

పెళ్ళిరోజు రానే వచ్చింది. పెరట్లో గాడిపొయ్యి మీద పెద్ద గుండిగలో మాంసం కుతకుతలాడుతోంది. పక్కన విడిగా ఇంకో పొయ్యి మీద, హైస్కూలు మాస్టార్ల కోసమూ మిగతా శాకాహారుల కోసమూ గుండిగెడు వంకాయ కూర. సిలార్ మామ పాత కేకే వేశాడు. జనమంతా తప్పుకుని దారిచ్చారు. నేను కొత్త లాల్చీ చేతులు పైకి మడుచుకుని నడిచాను.

"మామా, నేను మాంసం ముట్టను. అయినా ఉప్పు చెప్తా."

"ముట్టకుండా ఎట్టా చెప్తావయ్యా?"

"రెండు కూరలూ వండింది ఎవరు? నువ్వేగా! అదే చెయ్యి, అదే ఉప్పు. వంకాయ రుచి చూస్తే మాంసం సంగతి తెలిసిపోదూ?"

సిలార్ మామ కిళ్ళీ దవడ మార్చాడు. "అది కాదయ్యా, ఆ వంకాయలో నేనింకా..."

"నువ్వేం చెప్పకు మామా! నువ్వు చెబితే ఇంక నా నాలికెందుకు?"

వంకాయ ముక్క నోట్లో వేసుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. చుట్టూ జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారని మూసిన కళ్ళకూ తెలుస్తూనే ఉంది. చప్పిడి! ఉప్పు జాడే లేదు.

"మామా, మాంసంలో పెద్ద గుప్పిళ్ళతో రెండు గుప్పిళ్ళ ఉప్పు పడాల!"

"రెండు గుప్పిళ్ళా..."

"పడాలంటే పడాల!"

నా మాటకు ఊళ్ళో అంత విలువ. సిలార్ మామ ఇంకేమీ అనకుండా వేశాడు.

మొదటి బంతి మగపెళ్ళివారిది. ఫాతిమ మామగారు, పెద్ద గడ్డం, పెద్ద గొంతు ఉన్న మనిషి, మధ్యలో కూర్చున్నారు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. ఆగారు. ఆ వరుసంతా ఆగింది. తర్వాత ఒకేసారి అన్ని చేతులూ నీళ్ళ గ్లాసుల మీదికి పోయాయి.

"ఏమయ్యా, మా దర్శిలో బోరు నీళ్ళే ఉప్పన అనుకున్నాం," అన్నారాయన, "మీరు మేకల్ని సముద్రంలో మేపుతారా ఏంది?"

జనం నవ్వారు. మా నాయన తల దించుకున్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కిటికీలోంచి పెళ్ళికూతురు ముసుగు కాస్త తొలగించి నావంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. "నేనుండగా భయమెందుకన్నావుగా" అని మాత్రమే ఉంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. నా చెల్లెలికి ఉప్పు కోడలనే పేరు నేనే పెట్టించాను.

పెరట్లోకి పరిగెత్తాను. "మామా, ఏదన్నా చెయ్యి!"

"చెయ్యొచ్చు. కానీ కొంచెం కలిపీ, కొంచెం రుచి చూసీ చెయ్యాల. నాకు తెలవదు, నువ్వు ముట్టవు. ఎవరు చూస్తారు?"

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు ఉరిమింది. "ఒరేయ్ నాగూరూ! ఇటు చూడరా!"

సుబ్రహ్మణ్యం. మాస్టార్ల కోసం తెప్పించిన కాఫీ ఫ్లాస్కు ఒక చేతిలో, నిండు గ్లాసు ఇంకో చేతిలో. అందరూ చూస్తుండగా గటగటా తాగేశాడు. వేడికి కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. వేడికేనని తర్వాత చెప్పాడు, అంత సుఖానికేనని నా అనుమానం.

"నేను ఓడిపోయాను! విన్నారుగా అందరూ? పోరా, ముక్క నోట్లో పెట్టు!"

ఆ క్షణంలో వాణ్ణి చూసి ఎంత గర్వపడ్డానో, నా నాలుకను చూసుకుని కూడా ఎప్పుడూ అంత గర్వపడలేదు. గరిటె అందుకుని ముక్క నోట్లో వేసుకున్నాను. మిరప పూతకు ముందు నుంచి కలలుగన్న ముక్క! చేదెక్కిన ఉప్పు. నా రెండు గుప్పిళ్ళూ నా నోట్లోకే వచ్చి పడ్డాయి.

"అసలు వంకాయెందుకంత చప్పగా ఉంది మామా?" అన్నాను తేరుకుని.

"అందులో ఉప్పే వెయ్యలేదయ్యా! ఇప్పుడు నువ్వు వంకాయల మనిషివి గదా, నువ్వు చూసి చెప్తావని అట్టే పెట్టా. మాంసం మీ జేజి పొద్దున్నే చూసి, సరిపోయిందని చెప్పి పోయింది. చెప్పబోతే నోరు మూయిస్తివి."

సిగ్గుపడడానికి కూడా టైము లేదు. ఉప్పు లేని వంకాయ ఒక గుండిగ, ఉప్పే ఉన్న మాంసం ఇంకో గుండిగ. రెండింటినీ మార్చి మార్చి చూశాను. "ఎత్తు మామా, వంకాయ మొత్తం ఎత్తు! మాంసంలో పొయ్యి!"

పోశాడు. కలిపాడు. నేను రుచి చూశాను. ఇంకొంచెం ఉడకనిచ్చి మళ్ళీ చూశాను. సరిపోయాక కూడా, గట్టిగా నమ్మకం కుదరాలిగదా అని, ఇంకొన్నిసార్లు చూశాను. వంకాయ ఉప్పంతా పీల్చేసుకుని, మాంసం రసం పట్టి, వెన్నలా అయింది.

రెండోసారి వడ్డించాం. పెద్దాయన అనుమానంగా ముద్ద పెట్టుకున్నారు. మళ్ళీ ఆగారు. నా గుండె కూడా ఆగింది.

"ఇదేంటయ్యా ఇది?"

"వంకాయ మాంసమండీ," అన్నాను, "మా ఊరి పద్ధతి. ముందు కొంచెం ఉప్పగా పెట్టి, తర్వాత ఇది పెడతామండీ."

ఇంత అబద్ధం నా నాలుక ఎప్పుడూ ఆడలేదు. ఆయన విస్తరి ముందుకు జరిపారు. "ఇంకొంచెం వెయ్యమను."

గుండిగ అడుగు కనబడేదాకా తిన్నారు. మాస్టార్లు మాత్రం కూర లేక పెరుగూ ఆవకాయతో సరిపెట్టుకున్నారు. సుబ్రహ్మణ్యానికి ఆ లోటు కూడా తెలియలేదు, ఫ్లాస్కు ఖాళీ చేసే పనిలో ఉన్నాడు.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. మొన్నామధ్య ఫాతిమ మరిది పెళ్ళికి దర్శి వెళ్ళాం. పెరట్లో గుండిగ దగ్గర మామగారు వంటమనిషి మీద విరుచుకుపడుతున్నారు.

"ఇంకో రెండు గుప్పిళ్ళు వెయ్యవయ్యా! ముందు నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు పడాల. అది ఒక వరుస వడ్డించాల. వాళ్ళు నీళ్ళకు పరిగెత్తాక చప్పిడి వంకాయ పొయ్యాల. ప్రత్తిపాడు పద్ధతి! మా చిన్నకోడలు పుట్టింటి నుంచి తెచ్చింది!"

నేను నోరు తెరవబోయాను. ఫాతిమ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అన్నా, నోరు మెదిపావో చంపేస్తా. ఈ ఊళ్ళో నా పేరేంటో తెలుసా? వంకాయ మాంసం కోడలు. ఎవరింట్లో పెళ్ళైనా ఉప్పు చూడ్డానికి నన్నే పిలుస్తారు."

మా ఇంటి నాలుక మరి! కాసేపటికి వడ్డన మొదలైంది. అదుగో, మొదటి బంతి వాళ్ళు అప్పుడే నీళ్ళ డ్రమ్ముల వైపు లేచారు.

కాబట్టి ఆ దర్శి గుండిగ సాక్షిగా, ఒంటి నిండా వినయంతో, కడుపు నిండా మాంసంతో ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్ళీ మాంసం మానను. ఒకవేళ మానినా, వంకాయ మాట నమ్మి మాంసానికి తీర్పు చెప్పను. ఈ మాటకు పూచీ సుబ్రహ్మణ్యం. కావాలంటే వెళ్ళి అడగండి, కాఫీ తాగుతూ ఉంటాడు.