రాజక్క ఉండిపోయిన ఊరు

మొన్న మా కోడలు కొత్త తువ్వాలలు తెచ్చి, వాడకముందు ఒకసారి ఉతకాలని బకెట్లో నానేసింది. కాసేపయినంక నేను అటువైపు పోతే పుల్లటి, మెత్తటి వాసన ఒకటి ముక్కుకు తగిలింది. కొత్త బట్టలోని గంజి నీళ్లల్ల ఊరినప్పుడు వచ్చే వాసన అది. "గట్ల నిలబడ్డవేంది అత్తమ్మా, కండ్లు తిరుగుతున్నయా?" అని కోడలు అడిగితే ఏం లేదన్న. కాని ఆ వాసన పట్టుకొని మా సిరిసిల్ల వాడకట్టు మొత్తం వచ్చి కండ్ల ముందట నిలిచింది. దాని వెనుక భీమండి వచ్చింది, భీమండి చెరువు వచ్చింది, ఆ చెరువు గట్టు మీద మా రాజక్క వచ్చింది.

నేను పుట్టింది నేతపని చేసుకునే ఇంట్ల. పొద్దు పొడవకముందే మా వీధి పొడుగునా పడుగులు సాగదీసి, ఇంటింటి పొయ్యి మీద ఉడికిన గంజిని కుంచెలతోటి దారాలకు పట్టిస్తుంటే, ఆ పడుగుల కింది నుంచి వంగి వంగి పోయే మాకు నెత్తి మీద తెల్లటి చుక్కలు పడేవి, అవి ఎండి మధ్యాహ్నానికి జుట్టంతా పుల్లల లెక్క అయ్యేది. ముసురు పట్టిందంటే మగ్గం గుంటల నీళ్లు ఊరేవి, బాపు చేతులు కట్టుకొని అరుగు మీద కూర్చునేటోడు, అవ్వ, అంటే మా అమ్మ, జొన్న గట్క పలుచగ కాచేది. మాకు మాత్రం ముసురంటే నిప్పుల మీద కాల్చిన మక్క కంకులు, గచ్చకాయల ఆట, కండ్లు కనిపించని బాపమ్మ రోట్లో తమాకు దంచుకుంట చెప్పే రాజుల కథలు. ఎండకాలమైతే రాజక్కా నేనూ కాళ్లు కాలే ఇసుక మీద ఉరుక్కుంట వాగుకు పోయేది. బాపు పని ఆగితే పొయ్యిలో పిల్లి లేవదన్న సంగతి రాజక్కకు తెలుసు. నాకన్న నాలుగేండ్లు పెద్దది. దారం కండెలు చుడుతనే ఒళ్లో పుస్తకం పెట్టుకొని చదివేది. బళ్లె ఆమెకు మించిన పిల్ల లేదని పంతులు ఇంటికొచ్చి మరీ చెప్పిపోయిండు.

ఒక ఏడు నూలు దొరకలే, నేసిన బట్ట అమ్ముడుపోలే. బాపు భీమండి బాట పట్టిండు. బొంబాయి పక్కనున్న భివండిని మావాళ్లు భీమండి అంటరు. అక్కడ కరెంటుతోటి నడిచే మగ్గాలు వచ్చినయి, వాటిని సాంచెలనేది. పండిన చేను మీద పిట్టలు వాలినట్టు మా వాడకట్టు మగవాళ్లంతా అక్కడ వాలిన్రు. "వచ్చే దసరకు వస్త" అని చెప్పిపోయిన బాపు ఆ దసరకూ రాలే, మీది దసరకూ రాలే. మూడో దసర దగ్గరపడంగ అవ్వ బాపమ్మను పక్కింటోళ్లకు అప్పజెప్పి, సద్ది మూట కట్టి, మా ఇద్దరిని తీసుకొని బయలెల్లింది. మేము ఆంధ్రప్రదేశ్‌ల కలిసి అప్పటికి కొన్నేండ్లయింది, కాని బాపమ్మ దృష్టిలో ఇంకా నిజాం రాజ్యమే. "సరిహద్దు కాడ అడిగితే పిల్లల తండ్రి కాడికి పోతున్నమని చెప్పున్రి" అని మూడుసార్లు పాఠం చెప్పి తోలింది.

సిరిసిల్ల నుంచి కామారెడ్డికి బస్సు, అక్కడ మన్మాడ్ పోయే చిన్న రైలు. దారి పొడుగునా నేను కిటికీలోంచి తల బయటపెట్టి, కండ్లల్ల బొగ్గు నలకలు పడ్డయని ఏడ్చుకుంట, మళ్లీ బయటపెట్టుకుంట పోయిన. రాజక్క స్టేషను పేర్లు చదివింది. నాందేడ్ దాటినంక తెలుగు అక్షరాలు లేకపోయినా, బళ్లె నేర్చుకున్న హిందీ అక్షరాలను కూడబలుక్కొని మరాఠీ పలకలు చదువుతుంటే, ఎదురుగ కూర్చున్న పెద్దమనిషి ఒకాయన మెచ్చుకొని ఇంత బెల్లం ముక్క చేతిల పెట్టిండు. అక్క దాన్ని నాకే ఇచ్చింది. మన్మాడ్‌ల పెద్ద రైలు ఎక్కి కల్యాణ్‌ల దిగి, ఎర్ర బస్సుల భీమండి చేరినం.

ఆ ఊరికి ముందుగ చప్పుడు వస్తది, తర్వాత ఊరు వస్తది. ఇంటికొక పెద్ద యంత్రం పెట్టినట్టు సందు సందునా టకటక టకటక. గోడలు వణికేవి, నీళ్ల కడవల నీళ్లు వణికేవి. రాజక్క రెండు చెవులు మూసుకొని అవ్వ కొంగు చాటుకు పోయింది. నాకేమో జాతరకు వచ్చినట్టే ఉంది. కరెంటు దీపాలు, గాజు సీసాలల్ల రంగు రంగుల శర్బతులు, మంచు గోకి పుల్లకు అతికించి ఇచ్చే గోలాలు! బాపు ఎదురొచ్చినప్పుడు నేను ఆయనను గుర్తుపట్టలే. చెంపలు పీక్కపోయినయి, అంగీ ఎవరో పెద్దమనిషిది తొడుక్కున్నట్టు వేలాడుతున్నది. అవ్వ నడి బజార్ల నిలబడిపోయింది.

బాపు ఉండే గది ఒక్కటే, అండ్ల ఉండేది మనోళ్లే, ఏడెనిమిది మంది. పగలు పనిచేసేటోళ్లు లేచిన చాపల మీదనే రాత్రి పనిచేసి వచ్చినోళ్లు ఒరిగేటోళ్లు. మేము పోయిన నాడే వాళ్లంతా చాపలు చుట్టుకొని బయటికి పోయిన్రు. "ఆడిపిల్లలు వచ్చిన్రు, మాదేముందమ్మా, సాంచెల కాడ పండుకుంటం" అన్నడు ఓదెలు మామ. వాళ్లల్ల అందరికన్న పెద్దాయన, మా వాడకట్టోడే. ఆ మాటను నేను అట్లనే నమ్మిన. ఆ గది మాదే అనుకొని గోడలకు ముగ్గు సున్నంతోటి బొమ్మలు వేసిన.

పొద్దున్నే బాపు మమ్మల్ని వరాలదేవి చెరువుకు తోలుకపోయేటోడు. అక్కడోళ్లు తలావ్ అంటరు. ఊరంత చప్పుడు చేసినా ఆ నీళ్లు మాత్రం గమ్మున ఉండేవి. బర్లు మెడల దాకా మునిగి కండ్లు మూసుకునేవి. చాకలివాళ్లు బట్ట బాదిన చప్పుడు అవతలి గట్టుకు పోయి తిరిగొచ్చేది. గుడి మెట్ల మీద కూర్చొని బాపు మాకు వేడి వేడి బజ్జీలు పెట్టిచ్చేటోడు, తను మాత్రం ఒకటి కొరికి కడుపు పట్టుకొని పక్కకు పెట్టేటోడు. అక్క అది చూసేది. నేను ఆ మిగిలింది తినేదాన్ని.

ఒకనాడు వాన కొట్టింది. తెల్లారి నేను తలుపు తీసేసరికి సూరు కింద ఓదెలు మామ, ఇంకో నలుగురు గోడకు వీపు ఆనిచ్చి, తడిసిన చాపలు మోకాళ్ల మీద కప్పుకొని కూర్చున్నరు. సాంచెల కాడ జాగ లేక రోజూ వాళ్లు పండుకునేది ఆ వీధి పక్కనే అని అప్పుడు తెలిసింది. అవ్వ నెత్తి కొట్టుకున్నది. అందరిని లోపలికి పిలిచి నిప్పు రాజేసింది. ఓదెలు మామకు అప్పటికే జ్వరం పట్టుకున్నది. ఆ పొద్దు నుంచి అవ్వా, అక్కా కలిసి ఆయనకు జావ, అందరికీ అన్నం వండిన్రు. పైసలిచ్చి తినే ఖానావళి కూడు తిని తిని నాలుక మొద్దుబారినోళ్లు, పచ్చి పులుసు పోసుకొని, పుంటికూర కలుపుకొని గిన్నెలు ఊడ్చి తిన్నరు. ఒకాయనకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. కారం ఎక్కువైందేమో అని నేను నీళ్లు అందిచ్చిన.

సద్దుల బతుకమ్మ వచ్చింది. అక్కడ తంగేడు లేదు, గునుగు లేదు. బంతిపూలు దొరికినయి గాని వాటితోటి ఒక వరుస కూడ నిండదు. రాజక్క బాపును సాంచెల కింద రాలిపడ్డ దారపు ముక్కలు తెమ్మన్నది. వాటిని చిన్న చిన్న కుచ్చులు కట్టి, కొసలు కత్తిరించి, రంగుల ముంచి, ఎండబెట్టి గునుగుపూలు చేసింది. మెడెత్తు బతుకమ్మ లేచింది. చెరువు గట్టు మీద మన దిక్కు ఆడోళ్లంతా, కరీంనగరోళ్లు, మెట్‌పల్లోళ్లు, జగిత్యాలోళ్లు, అక్క చుట్టూ చేరి, ఇవి పూలా దారాలా అని పట్టి పట్టి చూసిన్రు. చప్పట్లు, ఉయ్యాల పాటలు, నువ్వుల సద్ది, పెరుగు సద్ది, నెయ్యి కారే మలీద ముద్దలు! చీకటి పడంగ బతుకమ్మను నీళ్లల్ల వదిలితే అది దీపంతోటి మెల్లగ లోపలికి పోయింది. నా బతుకుల అంత సంబురం మళ్లీ చూడలే. అప్పుడే అక్క నా చెవిల అన్నది: "ఎల్లుండి మనింటికి పోతమే!" ఆ మాటలోని ఆశ నాకు ఇప్పటికీ చెవిల గుచ్చుకుంటది.

దసర తెల్లారి అవ్వ బట్టలు మడత పెడుతున్నది. జ్వరం తగ్గిన ఓదెలు మామ గడప మీద కూర్చొని, ఏ దురాలోచనా లేకుండ అన్నడు: "నీ చేతి అన్నంతోటి మళ్లీ మనుషులమైనం చెల్లే. మీరు పోతే మళ్ల గదే ఖానావళి, గదే కడుపునొప్పి. నీ పెనిమిటికైతే గది విషమే."

అవ్వ చేతులు ఆగినయి. ఊళ్లె బాపమ్మ ఉన్నది, కండ్లు లేని మనిషి, ఎన్నాళ్లని పక్కింటోళ్లు చూస్తరు? ఇక్కడ బాపు కడుపు ఉన్నది. అవ్వ చానసేపు రాజక్క దిక్కు చూసింది. అక్క చాటల బియ్యం ఏరుతున్నది.

"రాజూ, నువ్వుంటవా బిడ్డా? ఉగాది దాక. బాపుకు జర నయమైనంక వచ్చి తోల్కపోత."

"అది బడికి పోవద్దా?" అన్నడు బాపు. మెల్లగ అన్నడు, ఒక్కసారే అన్నడు. ఎవరూ జవాబియ్యకపోతే మళ్లీ అనలే.

అక్క తలెత్తలే. "ఉంట గని, సత్తెను బడి మాన్పియ్యొద్దు" అన్నది. ఆ ఏడు నన్ను బడి మాన్పించి కండెలు చుట్టుడుకు కూర్చోబెట్టాలని ఇంట్ల అనుకుంటున్న సంగతి ఆమెకు తెలుసు.

"మాన్పియ్య."

"ఒట్టు పెట్టు."

అవ్వ ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి తీయడానికి ఆమెకు చానసేపు పట్టింది.

నేను కింద పడి పొర్లిన. "నేనుంట! నేనే ఉంట!" అని. గోలాలు, దీపాలు, చెరువు, అన్నీ అక్కకే దక్కినయని నా ఏడుపు. "నీకు అన్నం వండొస్తదానే?" అని ఓదెలు మామ నవ్విండు. బస్సు కాడ అక్క నాకు జడ మళ్లీ అల్లింది. నేను ఆమె దిక్కు మొఖం తిప్పలే. బస్సు కదిలినంక వెనక్కి చూస్తే ఆమె కూరగాయల సంచి చేత్తో పట్టుకొని బాపు వెనుకనే అంగడి దిక్కు నడుస్తున్నది.

ఉగాది వచ్చింది, పోయింది. ఆ ఎండకాలం, ఆ మీది ఎండకాలం పోయినయి. అక్క ఎప్పుడన్న ఒకసారి వచ్చినా చుట్టపు చూపే, ఆమె మాటలల్ల మరాఠీ కలిసిపోయింది. ఆ సాంచెల కాడ పనిచేసే పిల్లగానికే ఇచ్చి పెండ్లి చేసిన్రు. నేను చదువుకున్న, టీచరునైన. నౌకరీ వచ్చిందని చెప్తే, అప్పటికి ఇల్లు చేరి మంచం పట్టిన బాపు మొదట అడిగిన మాట "పెద్దదానికి చెప్పినవా?" అని. అడిగి గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. అవ్వ సద్దుల బతుకమ్మకు మళ్లీ ఎన్నడూ మలీద ముద్దలు చెయ్యలే. అడిగితే నెయ్యి లేదనేది, ఉట్టి మీద నెయ్యి గిన్నె ఉండంగనే. ఓదెలు మామ ముసలితనంల ఊరికొచ్చి, నన్ను చూసినప్పుడల్లా "నా నోరు పడిపోను బిడ్డా" అనేటోడు. ఎవరూ చెడ్డోళ్లు కారు. ఎవరూ తప్పు చెయ్యలే. అయినా మా ఇంట్ల ఒక్కరం కూడ కడుపు నిండ నవ్వినట్టు నాకు యాదికి లేదు.

మొన్నటి చలికాలం భీమండి పోయిన. చాన సాంచెలు ఇనుప సామాను కింద తూకానికి పోయినయట, సందులు మూగబోయినట్టున్నయి. చెరువు చుట్టూ కంచె కట్టిన్రు, గట్టుకు సిమెంటు పోసిన్రు. అక్కా నేనూ బెంచీ మీద కూర్చున్నం. ఆమెకు మోకాళ్లు పట్టేసినయి, ప్రయాణాలు మానేసి చాన ఏండ్లయింది. ఇన్నేండ్లు నోట్లోనే ఉంచుకున్న మాట అడిగిన.

"అక్కా, గప్పుడు నీకు మనింటికి రావాలనిపించిందా?"

"అనిపియ్యదా?" అన్నది. కోపం లేదు, బాధ కూడ లేదు ఆ గొంతుల. "మస్తు రోజులు పొద్దున్నే గీడికొచ్చి, గిది మన వాగు అనుకునేదాన్ని. వంటకు ఆలస్యమైతదని మళ్ల ఉరికేదాన్ని." నా దిక్కు చూడకుండ, "నువ్వు ఎన్నడన్న అడుగుతవనుకున్న సత్తే" అన్నది.

మళ్ల ఆమెనే అన్నది: "మనింటి కాడికెల్లి వాగుకు పోయే తొవ్వ యాదికస్తలేదే. జర చెప్పు."

ఇప్పుడు మా వాడకట్టుల మగ్గం గుంటలు పూడ్చి బండలు పరిచిన్రు. వాగుకు పోయే తొవ్వ మీద వరుసగ మిద్దెలు లేచినయి. ఇసుకను లారీలు ఎత్తుకపోయినయి. అక్క చేతిని నా చేతిల పెట్టుకొని, గడప దిగి కుడి దిక్కు తిరగమన్న. అద్దకంవాళ్ల ఇంటి ముందు నీలం నీళ్లు పారుతుంటయి, పక్కకెల్లి నడువుమన్న. సీతాఫలం చెట్ల కంచె దాటినంక మలుపు తిరిగితే వాగు కనిపిస్తదని చెప్పిన. ఆమె కండ్లు మూసుకొని తల ఊపుకుంట, కూర్చున్నకాడనే నడుస్తున్నది.

"ఇసుక కాళ్లు కాలుస్తదా?" అనడిగింది.

"లేదక్కా, చల్లగనే ఉన్నది" అన్న.