శంఖుపుష్పానికి యూరియా

ఉద్యోగ విరమణ చేసిన ఏడాది ఆషాఢంలో నా భార్య నన్ను ఒకే ఒక కోరిక కోరింది. కార్తీక మాసం మొదటి సోమవారం నాడు మా పెరట్లోనే పూసిన నీలి శంఖుపుష్పాలతో శివుడికి పూజ చేసుకోవాలట. గురజాలలోని తన అక్క ఇచ్చిన ఆరు గింజలను పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసినవాడికి ఆరు గింజలు పెద్ద బాధ్యత కాదని భావించాను.

ఆ గింజ పెంకు గట్టిది. ఒక్కొక్కదాన్ని గరుకు నేల మీద రుద్ది, ఒక రోజు నానబెట్టి, నరసరావుపేటలోని మా ఇంటి ప్రహరీ పక్కన తాడు పట్టి జానెడేసి ఎడంతో నాటాను. వారం తిరక్కుండా ఆరూ మొలిచాయి. ప్రతి తీగకూ ఒక పురికొస కట్టాను. పక్కదాని హద్దులోకి పోయిన తీగను వెనక్కి తెచ్చి మళ్లీ దాని పురికొసకే చుట్టాను.

అంతవరకు పొరపాటు లేదు. అయితే మాది పత్తి పండించిన కుటుంబం. మా నాన్నగారి దృష్టిలో నల్లగా నిగనిగలాడనిది పైరే కాదు. ఆ నమ్మకంతోనే పది రోజులకొకసారి గుప్పెడు యూరియా నీళ్లలో కలిపి పోశాను. ఆకు మీద ఆకు కమ్మి గోడ కనబడకుండా పోయింది. ఆశ్వయుజం వచ్చినా మొగ్గ జాడ లేదు.

నా భార్య రోజూ ఆకులు తొలగించి చూసేది. "బజారు పూలతోనే కానిద్దాం లెండి" అని ఒకనాడు మెల్లగా అంది. దెప్పినా అంత బాధ కలిగేది కాదు.

ఆ సాయంత్రమే పక్కింటి పత్తి రైతు గోడ మీదుగా తొంగిచూశాడు.

"ఏంది బాబాయ్, గొర్రెలకి మేత పెంచుతున్నారా?"

"పూల తీగయ్యా అది."

"పూలేయి మరి? యూరియా ఏమన్నా ఏస్తున్నారా?"

చెప్పాను. పగలబడి నవ్వాడు.

"మేమూ అంతే బాబాయ్! పక్క చేను నల్లగుంటే మనసాగదు, ఇంకో కట్ట గుమ్మరిస్తాం. చెట్టు మనిషెత్తు లేస్తది, కాయ మాత్రం ఉండదు. ఆపేయండి. నీళ్లు కూడా చానా తగ్గించండి."

వంటింట్లోంచి నా భార్య అందుకుంది. "బళ్లో పిల్లలకి హోంవర్కు కూడా ఇట్టాగే గుమ్మరించేవారు, నాయనా!"

మిగిలిన యూరియా మరునాడే అతడికి ఇచ్చేశాను. తీగలు కాస్త పాలిపోతుంటే చేతులు కట్టుకుని చూడటం, నా సర్వీసులో చేసిన ఏ పనికన్నా కష్టమైంది.

దీపావళి నాటికి మొగ్గలు కనిపించాయి. సోమవారం ఉదయం తొమ్మిది పూలు విచ్చుకున్నాయి. వాటిలో ఆరు, నా కన్నుగప్పి బట్టలారేసే దండెం మీదికి పాకిన కొమ్మకే పూశాయి. ఆ కొమ్మను విప్పి పురికొసకు చుట్టాలన్న ఆలోచనను బలవంతంగా అణచుకున్నాను.

నా భార్య పూలు కోసి పళ్లెంలో పెడుతుండగా పక్కన నిలబడి లెక్క సరిచూశాను.

"శివుడికి హాజరు పట్టీ అక్కర్లేదు గానీ, పోయి దీపం కుందులు తేండి" అంది, ముఖం వెలిగిపోతుండగా.

వెళ్లి తెచ్చాను.