వేకువకు కొత్త గాజు

ఎత్తైన పీఠభూమి మీది గనుల ఊరు ఒరూరోలో ఏ ఇంటికి వెళ్లినా ముందుగదిలో ఎర్లిందా కోండోరి తీసిన ఫొటో ఒకటైనా ఉంటుంది. కొమ్ముల ముసుగును చంకలో ఇరికించుకుని, చెమటతో తడిసిన జుట్టుతో నవ్వుతున్న తండ్రి, కార్నివాల్ నాట్యానికి తొలిసారి దయ్యపు దుస్తులు వేసుకుని బిగుసుకుపోయిన కొడుకు, బాకాను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకున్న మేనమామ. ఆ ముఖాల మీద ఒక మెత్తని వెలుగు ఉండేది. టోపీ నీడలో దాగిన కళ్లు కూడా కనిపించేవి. ఊరు దానికి "ఎర్లిందా వెలుగు" అని పేరు పెట్టేసింది.

అంత పేరున్న మనిషికి ఒక్కచోటే ఓటమి. కార్నివాల్ వేకువ ఆమెకు ఎన్నడూ చిక్కలేదు.

కార్నివాల్ శనివారమంతా ఊరు వేషాలు కట్టి ఆడుతుంది. ఆదివారం తెల్లవారేసరికి బ్యాండు మేళాలన్నీ గని కూలీలు కొలిచే గని తల్లి చర్చి ముందున్న మైదానంలోకి చేరి, పొద్దు పొడవగానే ఒక్కసారిగా బాకాలెత్తుతాయి. ఎర్లిందా ఏటా చర్చి మెట్ల మీద నిలబడి ఆ సూర్యుడికి ఎదురుగా కెమెరా పెట్టేది. ఏటా ప్రింటు వేసి చూస్తే పాలు ఒలికినట్టు తెల్లగా ఉండేది. బాకాలు లేవు, మనుషులు లేరు. చెయ్యి వణికిందేమో, లెక్క తప్పిందేమో అని తనను తానే తిట్టుకుని ఆ కాగితాన్ని చింపేసేది.

ఆమె తండ్రి రైలింజన్లకు బొగ్గు ఎత్తేవాడు. స్టేషన్ వీధిలో బాసిలియోగారి, ఊరి మాటలో దోన్ బాసిలియో, స్టూడియో ఉండేది. ఎర్లిందా చదువు మానేశాక అందులో చేరింది. సన్నని కుంచెతో నెగెటివ్‌ల మీద మచ్చలు దిద్దడం ఆమె పని. కెమెరా ముట్టుకోవడం మగవాళ్ల వంతు. ఒక ఏడు కార్నివాల్‌కు ముందు బాసిలియోకు మోకాళ్లు పట్టేశాయి. ఆయన మంచం మీద నుంచే తన జర్మనీ కెమెరాను ఆమె మెడలో వేసి, "వెళ్లు. సూర్యుణ్ణి వెనక పెట్టుకో, మనిషిని ముందు పెట్టుకో. మిగతాదంతా నీకు తెలుసు" అన్నాడు.

అరచేతిలో ఇమిడే రేంజ్‌ఫైండర్ కెమెరా అది. చిన్న కిటికీలోంచి చూస్తే మధ్యలో మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్స్ తిప్పుతూ పోతే ఆ ఇద్దరూ కలిసి ఒక్కడవుతారు. అప్పుడు మీట నొక్కాలి. దానికి బిగించిన లెన్స్ పెద్ద యుద్ధానికి ముందు నాటిది. గాజు మీద ఇప్పటి లెన్సులకు ఉండే, వెలుగు చెదరకుండా ఆపే రంగుల పూత లేదు. లోపల వెంట్రుకల్లాంటి గీతలు, పల్చని మసక.

ఆ తొలి రోజున దయ్యాల వేషంతో ఆడే బృందం ఆమెను చుట్టుముట్టింది.

"ఏంటమ్మా, మచ్చలు దిద్దే పిల్లని పంపాడా మీ ముసలాయన?"

"ముసుగులు తియ్యండి, ఎవరికెన్ని మచ్చలున్నాయో చూస్తా. దిద్దాల్సింది నేనేగా!" అంది ఎర్లిందా.

దయ్యాలు పగలబడి నవ్వాయి, ముసుగులు తీశాయి. ఆమె బతుకు ఆ నవ్వులోనే మలుపు తిరిగింది. బాసిలియో పోయాక కెమెరా, లెన్స్, స్టూడియో తాళాలు ఆమెకే మిగిలాయి. పెళ్లి ఊసెత్తిన వాళ్లకు, "తీరికేదీ?" అని చెప్పేది.

కొత్త శతాబ్దం మొదలైన రోజుల్లో, ఆమె జుట్టు సగం నెరిశాక, దయ్యాల బృందం పెద్ద దోన్ ఎలియోదోరో స్టూడియోకు వచ్చాడు. బృందం సొంత హాలు కట్టుకుంటోంది. ఎదుటి గోడ నిండా ఒకే ఒక్క ఫొటో కావాలట.

"ఏ ఫొటో కావాలి, దోన్ ఎలియోదోరో?"

"వేకువ. అందరం ఉండాలి. సూర్యుడు కూడా ఉండాలి."

ఎర్లిందా ముఖం మాడిపోయింది. "అది నాకు రాదు. రోములోను అడగండి."

"రోములో మాతోపాటు ఆడుతున్నాడు కదా! ముసుగులోంచి తీస్తాడా ఏంటి? నువ్వే తియ్యాలి."

రోములో బజారులో ఇంకో స్టూడియో నడిపేవాడు. ఆమెకు పోటీదారు, అంతకంటే ఎక్కువగా కొంపాద్రే, అతనికి ఆమె కొమాద్రే, అంటే చర్చి కలిపిన చుట్టాలు, ఎందుకంటే అతని కూతురికి జ్ఞానస్నానం నాడు ఎర్లిందాయే జ్ఞానమాతగా నిలబడింది. ఆ సాయంత్రమే అతను జేబులో ఏదో పెట్టుకుని వచ్చాడు.

"ఏం కొమాద్రే, దోన్ ఎలియోదోరోను ఉత్త చేతులతో పంపేశావంట?"

"వచ్చిన పని చూసుకో, కొంపాద్రే."

"అదే చూస్తున్నా." బల్ల మీద కొత్త లెన్స్ పెట్టాడు. జపాన్‌లో చేసింది. వాల్చి చూస్తే గాజులో ఊదా, ఆకుపచ్చ మెరుపులు. "నీ కెమెరాకు సరిపోతుంది. కార్నివాల్ దాకా వాడుకో. నీ ముసలి గాజుకు కంట్లో పువ్వేసింది, నువ్వేమో దానికి రోజూ దండం పెడుతున్నావు."

"ఈ ముసలి గాజే నీ పెళ్లి ఫొటో తీసింది. నిన్ను అందగాడిలా చూపించిన లెన్స్ ప్రపంచంలో అదొక్కటే!"

రోములో నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. లెన్స్ మాత్రం బల్ల మీదే ఉంది.

ఎర్లిందా రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. మూడో రోజు కుతూహలం ఆగలేదు. వీధి చివర ఊదారంగు మొక్కజొన్నతో 'ఆపి' అనే వేడి పానీయం కాచి అమ్మే దోన్యా కాస్తాను పిలిచి, నడినెత్తి ఎండలో గోడ పక్కన నిలబెట్టింది. ఒకసారి పాత లెన్స్‌తో, ఒకసారి కొత్త లెన్స్‌తో తీసి, ప్రింట్లు పక్కపక్కన పెట్టింది.

కొత్త ప్రింటు చూసి దోన్యా కాస్తా గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఎవరిదే ఈ మొహం? మా అత్తదా?"

"నీదే, దోన్యా కాస్తా."

"నాది కాదు! ఒక్క ముడతనూ వదిలిపెట్టలేదు దిక్కుమాలిన గాజు. టోపీ కింద కళ్లేవి? రెండు గుంటలు! ఇదిగో, ఈ రెండోదాంట్లో ఉన్నది నేను." పాత లెన్స్ ప్రింటును పైట కొంగులా భుజాన వేసుకున్న శాలువాలో దోపుకుని వెళ్లిపోయింది.

ఎర్లిందాకు లోలోపల సంతోషంగానే ఉంది. ఈ పీఠభూమి ఎండ కత్తిలా ఉంటుంది. పాత గాజులో చెదిరిన కాంతి నీడల్లోకి కాస్త జారి, ఆ పదును తగ్గిస్తుంది. ముఖాలకు తన లెన్సే మేలని తేలిపోయింది. అయినా పరీక్ష సగమే అయిందని ఆమెకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే చర్చి మెట్లు ఎక్కింది. మైదానంలో ఊడ్చేవాళ్లు ఇద్దరు, రొట్టెల బుట్టతో ఒక మనిషి. సూర్యుడు ఎదురుగా ఉన్నాడు. రెండు లెన్సులతోనూ తీసి, తిండి కూడా తినకుండా ఫిల్మ్ కడిగింది. పాతదాంట్లో ఎప్పటిలాగే పాలు. కొత్తదాంట్లో సూర్యుడు సూర్యుడి చోట ఉన్నాడు, మనుషులు మనుషుల చోట ఉన్నారు. చీపురు పుల్లలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి.

ఆమె డార్క్‌రూమ్‌లోనే కుర్చీలో కూలబడింది. ఇన్నేళ్లూ తప్పు చేతిది కాదు. లెక్కదీ కాదు. ఎన్ని ప్రింట్లు చింపింది, ఎన్నిసార్లు తనను చేతకానిదాన్నని అనుకుంది! ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక, తర్వాత ఏడుపొచ్చింది. సూర్యుణ్ణి వెనక పెట్టుకోమన్న బాసిలియో ఆ గాజుకు తగిన మాటే చెప్పాడు. ఆ మాట దాటినందుకు అపరాధిలా బతికింది తనే. ముఖం కడుక్కుని బయటికొచ్చేసరికి గుండె తేలికపడింది.

కొత్త లెన్స్‌తో ఇంకో చిక్కుంది. పాత లెన్స్ ఎంత తిప్పితే ఎంత దూరమో ఆమె వేళ్లకు కంఠస్థం. కొత్తదాని తిరుగుడు వేరు. పైగా సూర్యుడు ఎదురుగా ఉంటే కెమెరా కిటికీలో కళ్లు బైర్లుకమ్మి రెండు బొమ్మలూ కనిపించవు. దూరాన్ని వేలితోనే పట్టాలి. అందుకని లెన్స్ చుట్టూ ఉన్న కంకణం మీద, మెట్ల నుంచి తొలి వరుస ఉండే దూరానికి గుర్తుగా, చిన్న మైనపు ముద్ద అంటించింది. రోజూ బజారుకు పోయి, కళ్లు మూసుకుని లెన్స్ తిప్పుతూ, బంగాళాదుంపలు అమ్మేవాళ్ల మీద సాధన చేసింది.

"దోన్యా ఎర్లిందా, కళ్లు మూసుకుని ఫొటో తీస్తావా?" అని వాళ్లు ఆటపట్టించేవాళ్లు.

"మీ మొహాలు చూడలేకే!" అనేది.

కార్నివాల్‌కు ముందురోజు రోములో ముసుగు తుడుచుకుంటూ అడిగాడు. "రెండు లెన్సులూ తీసుకెళ్లి అక్కడే మార్చుకోవచ్చుగా?"

"జనం చల్లుకునే ఆ నురగలో, ఆ నీళ్లలో కెమెరా నోరు తెరిస్తే పొట్టలోకి ఒరూరో అంతా దూరుతుంది. మెట్లెక్కాక ఉన్నదే లెన్స్."

"అయితే ఏది?"

"శనివారం ముఖాలు నా ముసలిదానివి. వేకువ నీ జపాన్ పిల్లది."

చెప్పినట్టే శనివారమంతా ఊరేగింపు పక్కన పాత లెన్స్‌తో తిరిగింది. ఆదివారం ఇంకా చీకటి విడవకముందే దోన్యా కాస్తా పానీయాల కొట్టు వెనక, శాలువా కప్పుకుని, లెన్స్ మార్చింది. వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. బాసిలియో గాజును చేతిగుడ్డలో చుట్టి కాస్తాకు అప్పగించింది.

"పోగొట్టకు."

"పోగొడతానా! నా ముఖాన్ని నాకిచ్చిన గాజు ఇది," అంది కాస్తా. వేడి పానీయం గ్లాసు ఆమె చేతిలో పెట్టింది.

మెట్ల మీదికి చేరేసరికి తూర్పున మబ్బు పట్టింది. మేళాలు ఒక్కొక్కటే మైదానంలోకి వస్తున్నాయి. దయ్యాల బృందం తొలి వరుసలో నిలబడింది. రాత్రంతా ఆడిన కాళ్లు తూలుతున్నాయి, నోళ్లలోంచి ఆవిరి లేస్తోంది. ఎవరో నురగ చల్లితే ఎర్లిందా కెమెరాను శాలువాలో దాచుకుంది. మబ్బు కదలలేదు. ఈ ఏడూ ఇంతేనా అనుకుంది. భయం మాత్రం వేయలేదు. చేతులు స్థిరంగా ఉన్నాయి.

మబ్బు అంచు చీలింది. సూర్యుడు ఇళ్ల కప్పుల మీద నుంచి తిన్నగా ఆమె కళ్లలోకి వచ్చాడు. అన్ని బాకాలూ ఒక్కసారిగా లేచాయి. మెట్ల రాళ్లు అదిరాయి. కెమెరా కిటికీలో మంట తప్ప ఏమీ లేదు. చూపుడు వేలు మైనపు ముద్దను వెతికి పట్టింది. అదే క్షణంలో దోన్ ఎలియోదోరో ముసుగు తీసి పైకెత్తాడు. ఆయన్ను చూసి రోములో, రోములోను చూసి వరుస వరుసంతా ముసుగులు తీసి ఆకాశంలోకి ఎత్తింది. ఎర్లిందా నొక్కింది. ఫిల్మ్ తిప్పి మళ్లీ నొక్కింది. రీలు అయిపోయేదాకా ఆగలేదు.

ఆ మధ్యాహ్నం స్టూడియో తలుపు వేసుకుని ఫిల్మ్ కడిగింది. తడి నెగెటివ్‌ను దీపానికి ఎదురుగా పట్టుకుంది. అప్పుడు ఆమె పెట్టిన కేకకు పక్కింటి కుక్కలు మొరిగాయని, అలసి నిద్రపోతున్న రోములో రెండు వీధుల అవతల నుంచి లేచొచ్చాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

వేసవి పోయి చలి ముదిరాక హాలు తెరిచారు. పక్క గోడల మీద శనివారం నాటి ముఖాలు, పాత గాజు వెలుగులో. ఎదుటి గోడకు ఎర్ర తెర. దోన్ ఎలియోదోరో తెర లాగేశాడు.

గోడ నిండా వేకువ. మధ్యలో సూర్యుడు. ఆకాశంలోకి లేచిన ముసుగుల అద్దం ముక్కల్లో ఒక్కోదాంట్లో ఒక్కో చిన్న సూర్యుడు. వాటి కింద, అలసిపోయి, నోళ్లు తెరుచుకుని నవ్వుతున్న మనుషులు. చిట్టచివరి వరుసలో బాకా ఊదేవాడి ఉబ్బిన బుగ్గలు కూడా తెలుస్తున్నాయి.

"అది నేనే!" అని ఎవరో అరిచారు.

ఆ ఒక్క కేకతో హాలు గోడ మీదికి ఎగబడింది. "మా నాన్న బాకా చూడండి!" "ఒరేయ్, నువ్వు కళ్లు మూశావురా!" "అమ్మా, ఇదిగో అన్నయ్య!" తమను వెతుక్కుంటున్నవాళ్లు, దొరికాక ఏడుస్తున్నవాళ్లు, మీసాల మీద వేళ్లు వేసి కొలుచుకుంటున్నవాళ్లు. రోములో తన బొమ్మ ముందు నిలబడి ఎర్లిందాను పిలిచాడు.

"కొమాద్రే, ఈ లెన్స్‌లో కూడా అందగాడినే!"

"అది లెన్స్ గొప్ప కాదు, నువ్వు నిద్రలేక చిక్కిపోయావు."

"లెన్స్ ఉంచేసుకో. నా దగ్గర అది ఇలాంటిది ఎప్పుడూ చెయ్యలేదు."

ఆమె జవాబు ఎవరికీ వినిపించలేదు. బ్యాండు పెద్ద చెయ్యి ఊపాడు. ఊళ్లో గొప్పవాళ్లు అడుగుపెట్టినప్పుడు మాత్రమే వాయించే మర్యాద బాణీని మేళమంతా లేచి నిలబడి ఎత్తుకుంది. ఎవరొచ్చారా అని ఎర్లిందా తలుపు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. అందరూ తన వైపే తిరిగి చప్పట్లు కొడుతున్నారు. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. దోన్ ఎలియోదోరో ఒక చెయ్యి, రోములో ఇంకో చెయ్యి పట్టుకుని హాలు మధ్యలోకి లాగారు. మేళం బాణీ మార్చి దయ్యాల నాట్యం అందుకుంది. ఇన్నేళ్లూ ఆ నాట్యాన్ని ఒడ్డునుంచే చూసిన ఎర్లిందా కోండోరి తలెత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని, బూట్లతో నేల దద్దరిల్లేలా తొలి గంతు వేసింది.