ఎడమ కాలు వంగని కప్ప ఈత

గుండ్లపోచంపల్లిలో మా కాలనీ స్విమ్మింగ్ పూల్‌లో క్లోరిన్ ఎంత ఘాటుగా ఉంటుందంటే, ఇంటికొచ్చి తల రుద్దుకున్నా దిండుకు కూడా అదే వాసన పట్టుకుంటుంది. అది ముక్కుకు తగిలినప్పుడల్లా శామీర్‌పేట దగ్గర మా ద్రాక్షతోట బావి, అందులో పాచి, తడి రాయి, మోటారు గ్రీజు కలిసిన ఆ వాసన గుర్తొస్తుంది. నడుము నొప్పికి ఈతే మందని డాక్టర్ అంటే ఇక్కడ చేరాను. చేరకుండా ఉంటే బాగుండేది.

మాకు ఈత ఉగాదితో మొదలయ్యేది. భక్ష్యాలు తిన్న మర్నాటి నుంచి, పెద్దవాళ్లు ద్రాక్ష గుత్తులు కోసి పెట్టెల్లో సర్దుతుండగా, తోటలో ఆకు కదలని ఎండపొద్దున, చిన్నాన్న పిల్లలూ నేనూ నీళ్లలో తేలడానికి నడుముకు మునగబెండ్లు కట్టుకుని, రాతి సందుల్లోంచి పావురాలు టపటపా లేచిపోతుంటే ఒకరి వెనక ఒకరం బావిలోకి దూకేవాళ్లం. కళ్లు ఎర్రబడి, వేళ్లు ముడతలు పడి, పళ్లు టకటకా కొట్టుకునేదాకా ఈది పైకొచ్చి, అవ్వ ముంతలో తెచ్చిన చల్ల తాగి, రాలిన ద్రాక్షలు ఏరుకు తిని, మళ్లీ దూకేవాళ్లం. ఆడపిల్ల బావిలో దిగడం అవ్వకు గిట్టేది కాదు.

"గా పిల్లను గూడ మొగపోరగాండ్లతోని దింపుతవేందిరా" అని గొణిగేది. బాపు, అంటే మా నాన్న, తల్లి మాటకు నవ్వి ఊరుకునేవాడు.

నేర్పింది బాపే. చిన్నప్పుడు ఎడ్లబండి చక్రం కాలి మీదికెక్కి ఆయన ఎడమ మోకాలు బిగుసుకుపోయింది. నేల మీద కాలు ఈడ్చి నడిచేవాడు గానీ నీళ్లలో ఆయనంత హాయిగా ఉన్న మనిషిని నేను చూడలేదు. కుడికాలు కప్పలా ముడిచి వెనక్కి తన్నేవాడు, ఎడమకాలు చాచినట్టే ఉండి కిందికి ఒక దెబ్బ వేసేది, ఒళ్లు పక్కకు తిరిగిపోకుండా ఎడమచెయ్యి పెద్ద చుట్టు తిప్పేవాడు. కప్ప ఈత అంటే అదే అనుకున్నాం. రెండు కాళ్లూ బాగున్న పిల్లలందరం నీళ్లలో కుంటుతూ ఈదేవాళ్లం.

"మొగం ముంచకు బిడ్డా, నా దిక్కు జూసుకుంట రా. పరేషాన్ గాకు, నీళ్లే మోస్తయి" అనేవాడు.

పక్క తోటల వాళ్లు బావిలోకి తొంగి చూసి, "అచ్చం మీ బాపు లెక్కనే ఈదుతున్నవ్" అని నవ్వేవాళ్లు. నాకది ఎంత గొప్పో చెప్పలేను.

బాపు పోయాడు. తోట ప్లాట్లయింది, బావిని పూడ్చేశారు, దాని మీద ఇప్పుడు ఎవరిదో కారు నిలబడి ఉంటుంది. ఆయన ఫొటో ఉంది గానీ ఫొటోలో మనిషి కదలడు. చిన్నాన్న పిల్లలు నీళ్లలో దిగడం ఎప్పుడో మానేశారు. ఆయన కదిలిన తీరు మిగిలింది నా ఒంట్లోనే, అదీ నీళ్లలో ఉన్నంతసేపే.

మా కోచ్ కాకినాడ నుంచి వచ్చిన అమ్మాయి, ఓపికమంతురాలు. మొదటిరోజే పట్టేసింది.

"ఎడమకాలు అలా వదిలేస్తున్నారేంటండీ? దెబ్బేమైనా తగిలిందా?"

తగల్లేదన్నాను.

"అయితే సరిచేసేద్దామండీ. ఇలాగే ఈదితే నడుం నొప్పి ఇంకా పెరుగుద్ది."

గోడ పట్టించి, మడమలు రెండూ వెనక్కి మడిచి, పాదాలు బయటికి తిప్పి, ఒక్కసారే తన్ని కాళ్లు కలపమంది. ముఖం నీళ్లలో ముంచి గాలి వదలమంది. తన్నాక తొందరపడకుండా, చేతులు చాచి కాసేపు అలాగే జారమంది. చాలాకాలం ఎడమకాలు వినలేదు, నేను లోలోపల సంతోషపడ్డాను. కానీ సరిగా తన్నిన రోజు నడుముకు హాయిగా ఉండేది. ఒళ్లు సుఖం మరుగుతుంది కదా, మెల్లగా నేర్చేసుకుంది.

పోయిన ఆదివారం పూల్‌లో ఎవరూ లేరు. తల పైకెత్తి, బాపులా ఒక్కసారి ఈదుదామని బయల్దేరాను. రెండు కాళ్లూ సమానంగా ముడుచుకుని సమానంగా తన్నాయి. మళ్లీ ఈదాను, మళ్లీ అంతే. ఆఖరికి కావాలని ఎడమకాలు బిగబట్టి ఈడ్చాను. కుంటి మనిషిని వెక్కిరిస్తున్నట్టుంది. గోడ పట్టుకుని, ముఖం నీళ్లలో పెట్టుకుని ఏడ్చాను.

తలెత్తేసరికి గట్టు మీద కోచ్ ఉంది. నేను ముందు ఈదిన రెండుసార్లే చూసినట్టుంది.

"చాలా బాగా వస్తోందండీ. ఆ పాత అలవాటు పూర్తిగా పోయింది" అంది.

"పోయిందమ్మా" అన్నాను.