పత్యం మాటకు అర్థం చెప్పిన మార్తమ్మ మేడమ్

శుక్రవారం ఉపవాస కూడిక ముగిసి, మందిరంలో చాపలు చుడుతుండగా ఖమ్మం నుంచి ఫోన్ వచ్చింది. మార్తమ్మ మేడమ్ దవాఖానాలో కన్నుమూశారు, ప్రభువు సన్నిధికి చేరారు. సగం చుట్టిన చాప నా చేతిలో అలాగే ఉండిపోయింది. అంతకుముందు ఆదివారమే ఆమె నన్ను ఆపి, "పిల్లల క్లాసులో పాటలు ఎక్కువైనయ్, పాఠం తక్కువైంది" అని మందలించారు. ఆ గొంతు ఇక వినపడదంటే మనసు ఒప్పుకోలేదు. మేము పునరుత్థానాన్ని నమ్మేవాళ్లం. అయినా కన్నీళ్లు మన విశ్వాసాన్ని అడిగి రావు.

మేడమ్ ఖమ్మంలో డిగ్రీ కాలేజీలో జీవరసాయన శాస్త్రం బోధించారు. రిటైరయ్యాక, భద్రాచలం దారిలో అడవి మొదలయ్యే చోట ఉన్న మా ఊరికి, అంటే భర్త ఇమ్మానుయేలు గారి ఊరికి వచ్చి స్థిరపడ్డారు. ఆయన బొగ్గు గనిలో పనిచేసిన మనిషి. ఆమెకు ప్రాణప్రదమైన విషయం ఒకటే. ఒంటిని కాపాడే తెల్ల రక్తకణాలు ఏం తిని బలపడతాయి, ఏది దొరక్క నెమ్మదిస్తాయి అన్నది. ఆ సంగతి మొదలుపెడితే చేతిలోని టీ చల్లారిపోయేది.

ఆ జ్ఞానం మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. మా చెల్లెలు సలోమికి టీబీ వచ్చింది. సర్కారు దవాఖానా గోలీలు వేసుకుంటున్నా రోజురోజుకూ చిక్కిపోతోంది. ఒకనాడు మేడమ్ మా ఊళ్లోనే ఉన్న సలోమి అత్తగారింటికి చూడటానికి వచ్చి, ముందు వంటింట్లో గిన్నె మూత తీశారు.

"ఏంది వదినా, కోడలికి ఏం పెడుతున్నవ్?" అని సలోమి అత్తను అడిగారు.

"పత్యం మేడమ్. చారన్నం. పప్పు వాతం, గుడ్డు వేడి. శుక్రవారం గదీ లేదు, ఉపవాసముంటది."

"అంటే రోగం తింటది, కోడలు పస్తుంటది."

"గట్లంటరేంది? మా అత్త నాకు గిట్లనే పెట్టింది."

"నీకూ టీబీ వచ్చిందా?"

"రాలే. ఉత్త జరమే."

"మరి నీ అత్తకు నువ్వంటే కోపముండెనేమో."

అత్తతో సహా అందరం నవ్వాం. సలోమి కూడా నవ్వబోయి దగ్గుతో వంగిపోయింది. మేడమ్ ఆమె వీపు నిమురుతూ మంచం మీద కూర్చున్నారు.

"నీ లోపల రోగంతో కొట్లాడే కణాలుంటయ్ బిడ్డా. ఊరికే ఉన్నప్పుడు కొంచెంతోనే గడుపుకుంటయ్. శత్రువు కనపడ్డదంటే ఒకటి రెండు కావాలె, రెండు నాలుగు కావాలె. గట్ల పెరగాలంటే పప్పు, గుడ్డు అరిగితే వచ్చే అమైనో ఆమ్లాలు కావాలె. అందులో ఆర్జినిన్ అని ఒకటుంటది. అది చాలకపోతే కణం శత్రువును గుర్తుపడుతది గని, పెరగలేక ఆగిపోతది. మీ ఇమ్మానుయేలు మామ టిఫిన్ డబ్బా లేకుండ సెకండ్ షిఫ్ట్‌కు దిగినట్టు. దిగుడైతే దిగుతడు, పని చేతకాదు. గోలీలు ఒక్కటి మానొద్దు. తిండి గోలీకి బదులు కాదు, తోడు."

తర్వాత అత్త వైపు తిరిగి, "పత్యమంటే మానేసుడు కాదు వదినా. ఒంటికి హితమైంది తినుడు. మనం ఆ మాటను సగమే పట్టుకున్నం" అన్నారు.

సలోమి మాత్రం తల అడ్డంగా ఊపింది. "శుక్రవారం తినను మేడమ్. దేవునికి మాటిచ్చిన. తప్పితే నా మీదికెల్లి ఆయన చెయ్యి తీసేస్తడేమో."

అంతసేపూ హాస్యమాడిన మనిషి ఆ మాటకు నవ్వలేదు. ఆమె చెయ్యి పట్టుకొని, "చనిపోయిన చిన్నదాన్ని ప్రభువు చెయ్యి పట్టి లేపిండు గదా. లేపినంక ఇంటోళ్లకు ఏం చెప్పిండు?" అని అడిగారు.

సలోమి పిల్లల క్లాసులో ఎన్నోసార్లు చెప్పిన పాఠమే అది. నెమ్మదిగా, "తినడానికి ఏమన్న పెట్టమన్నడు" అంది.

"లేపింది ఆయనే. అన్నం మాత్రం ఇంటోళ్లనే పెట్టమన్నడు. నువ్విచ్చిన మాట తప్పొద్దు. నీ ఉపవాసం నేనుంట. నా ముద్ద నువ్వు తిను."

ఆ సాయంత్రమే ఆమె పాస్టరు గారితో మాట్లాడారు. ఆయన చాలాసేపు ఆలోచించి, ఆదివారం సంఘమంతటికీ ప్రకటించారు. రోగి ఉపవాసం సంఘం ఉంటుంది, ఉపవాసమున్నవాళ్ల పూట భోజనం రోగి ఇంటికి వెళ్తుంది. అప్పటినుంచి శుక్రవారం మా ఊళ్లో ఎవరింట్లో రోగి ఉంటే ఆ ఇంటికి పప్పుగిన్నె, ఉడికిన గుడ్లు నడిచి వెళ్తాయి. దానికి "మేడమ్ ముద్ద" అని పేరు స్థిరపడింది. సలోమి గోలీల కోర్సు పూర్తిచేసింది. మళ్లీ పిల్లల క్లాసులో నిలబడి గొంతెత్తి పాడింది. స్వస్థత దేవునిదే. ఆయన ఆ చదువును కూడా వాడుకున్నాడని నేను నమ్ముతాను.

తిండి పెట్టడమే అంతా అని ఆమె ఎన్నడూ అనలేదు. ఒకసారి స్త్రీల కూడికలో గర్భిణుల కోసం మాట్లాడుతూ, "కడుపులో బిడ్డ తల్లి కణాలకు సగం పరాయిదే. మరి ఎందుకు కొట్లాడవు? బిడ్డకు తిండి అందించే మాయ దగ్గర ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని ఒంటి కణాలే కరిగించేస్తయ్. అది దొరక్క తల్లి కణాలు మెత్తబడతయ్. పెట్టి లేపుడు తెలుసు దేవునికి, తీసి శాంతపరుచుడు గూడ తెలుసు" అన్నారు. ఒక సహోదరి ఉప్పొంగి, దేవుని పనిని సైన్సు రుజువు చేసిందని ప్రకటించబోతే చెయ్యెత్తి ఆపారు. "జల్దీ పడకు. ఎలుకలల్ల చూసిన్రు. మనుషులల్ల ఇంకా వెతుకుతున్నరు. దేవుని పేరు మీద ఎక్కువ చేసి చెప్పొద్దు." భక్తిలోనూ చదువులోనూ ఆమెకు ఒకే నిజాయితీ.

చివరికి ఆమె మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. డాక్టర్లు పప్పు, గుడ్లు బాగా తగ్గించమన్నారు. ఊరందరికీ గుడ్లు పెట్టిన మనిషికి ఆ మాట మేమే చెప్పవలసి వచ్చింది. ఆమె మాత్రం సలోమి అత్తను చూసి, "ఇగో వదినా, ఇప్పుడు నీ చారన్నం నాకు పనికొచ్చింది. నాకిదే హితం" అని నవ్వారు. ఆ నవ్వే మాకు మిగిలింది.

భూస్థాపన అయిన మరునాడు ఇమ్మానుయేలు గారు వరండాలో గోడకానుకొని కూర్చున్నారు. ఎవరు బతిమిలాడినా ముద్ద ముట్టలేదు. సలోమి పప్పన్నం, గుడ్డు పళ్లెంలో పెట్టుకొని వచ్చి ఆయన ముందు కూర్చుంది.

"ఆకలైతలేదు బిడ్డా. ఉపవాసమనుకో" అన్నారాయన.

"అవ్ మామా, ఉండాలె. నీ ఉపవాసం నేనుంట. నా ముద్ద నువ్వు తిను."

ఆయన తలెత్తి ఆమె ముఖంలోకి చూశారు. ఆ మాట ఎవరిదో ఆయనకు తెలుసు. ఏడుస్తూనే పళ్లెం దగ్గరికి లాక్కున్నారు.

మా సంఘంలో ఇక చదువుకున్నవాళ్లు రావచ్చు, వాక్యం బాగా చెప్పేవాళ్లూ రావచ్చు. గిన్నె మూత తీసి చూశాక ప్రార్థనకు కూర్చునే మనిషి మాత్రం మాకు మళ్లీ దొరకదు. మేడమ్, మిమ్మల్ని మాకిచ్చిన దేవునికి స్తోత్రం. ఈ శుక్రవారం కూడా పప్పుగిన్నె బయలుదేరింది.