బస్సు మెట్టు దగ్గర మోకాలు

నా భార్య కుడికాలి మీద, మోకాలికి కాస్త కింద, కమిలిన గీత ఒకటి కనబడింది. అడిగితే గడప తాకిందన్నది. మా ఇంటి గడప ఎత్తెంతో నాకు తెలుసు. అది తగిలితే చీలమండకు తగలాలి. ఆమె చెప్పిన మాటను, నాకు వచ్చిన అనుమానాన్ని ఆరోజు డైరీలో పక్కపక్కనే రాసుకున్నాను.

మేముండేది కామారెడ్డిలో. ఆమె అక్క ఎల్లారెడ్డిలో మంచం పట్టి ఉంది. ప్రతి శుక్రవారం నా భార్య ఒక్కతే బస్సెక్కి పోయి, అక్కకు తల దువ్వి, కడుపునిండా మాట్లాడి, పొద్దుగూకే లోపల తిరిగొస్తుంది. నేనూ వస్తానంటే ఒప్పుకోదు. నేను పక్కనుంటే అక్క నోరు విప్పదట. మోకాళ్లు మొండికేయడం మొదలైనప్పటి నుంచి ఆమె భయమంతా ఒక్కటే: బస్సెక్కలేని రోజు వస్తే ఈ ఒంటరి ప్రయాణం ఆగిపోతుంది.

అందుకే బస్టాండు దగ్గర కొత్తగా తెరిచిన హాలుకు పోవడం మొదలుపెట్టింది. అక్కడ కాళ్ల మిషన్ ఉంటుంది. పాదాల కింద పలక వణుకుతుంది, తొడలకు కట్టిన పట్టీలు వణుకుతాయి. పైసా తీసుకోరు. రామారెడ్డి, లింగంపేట ఊళ్ల నుంచి పనుల మీద వచ్చిన ముసలివాళ్లు కూడా బస్సు వేళ దాకా అక్కడే కూర్చుంటారు. నడిపేవాడు డాక్టరు కాకపోయినా తెల్లకోటు తొడుక్కుంటాడు, అందరినీ అవ్వా, బాపూ అని పిలుస్తాడు. ఊరికే ఇచ్చేదాని మీద నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. మిషన్ అమ్మే రోజు అసలు సంగతి బయటపడుతుందని చూస్తూ ఉన్నాను.

మరుసటి శుక్రవారం ఆమెకు చెప్పకుండా వెనకాలే పోయాను. హాలు ఎదుట టీ కొట్టు దగ్గర నిలబడి చూశాను. చాలాసేపు మిషన్ మీద కూర్చుంది. లేచేటప్పుడు తెల్లకోటు మనిషి, అవ్వ దూది లెక్క లేసిందని అందరికీ వినిపించేలా అన్నాడు. అతని చెయ్యి ఆమె మోచేతి కింద ఉండటం నేను చూశాను.

అక్కడి నుంచి తిన్నగా బస్సు దగ్గరికి పోయింది. కడ్డీ పట్టుకుని కాలెత్తింది. పాదం పైకి పూర్తిగా లేవలేదు. మెట్టు అంచు సరిగ్గా ఆ కమిలిన చోటే తాకింది. మోకాలు మడతపడబోతుంటే కండక్టరమ్మ రెక్క పట్టి లోపలికి గుంజింది. బస్సుకు మొక్కింది చాలు, ఇక ఎక్కవ్వా అంటే లోపలున్నవాళ్లు నవ్వారు. నా భార్య కూడా నవ్వింది. ఇది మొదటిసారి కాదని ఆ నవ్వుతోనే అర్థమైంది.

నా భుజం పట్టేసి నేను ఒక ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి పోతుండేవాణ్ణి. ఆమెకు ఈ సంగతి చెప్పాను. కాలు లేపాలంటే మెదడు ఇచ్చే హుకుం ఒక్కటే చాలదని ఆమె చెప్పింది. ఎంత సాగిందీ, ఎంత బిగిసిందీ కండరం లోపలి నుంచి వెన్నుపాముకు ఎప్పటికప్పుడు కబురు పోతూ ఉంటుందట. ఆ కబురే మళ్లీ కండరానికి ఇంత జోరు కలుపుతుందట. "చాలాసేపు వణికిస్తే ఆ కబురు మందగిస్తది సార్. కండరం మంచిగనే ఉంటది, హుకుం పోతనే ఉంటది, బలం మాత్రం కొంచెం తగ్గుతది. కొంతసేపైతే మళ్లొస్తది" అన్నది. నొప్పి తగ్గినట్టు అనిపించడం కూడా నిజమేనట.

వినడానికి బాగానే ఉంది. కానీ ఈమె కూడా రోజూ రమ్మనే మనిషే. ఆ హాలుకు పోయేవాళ్లు తన దగ్గరికి వస్తే ఆమెకే లాభం. అందుకని నేనే పోయి మిషన్ మీద కూర్చున్నాను. ఆపిన తర్వాత తెల్లకోటు మనిషి చెయ్యి ఇవ్వబోతే వద్దన్నాను. కాళ్లు హాయిగానే ఉన్నాయి. లేవబోతే మాత్రం తొడలు నా మాట సగమే విన్నట్టయింది. సగం లేచి మళ్లీ కూలబడ్డాను. బాపుకు వయసైంది, ఇంకో నెల కూర్చోవాలె అన్నాడతను.

ఇంటికొచ్చి నా భార్యతో అంతా చెప్పాను. వెనకాల పోయిన సంగతి కూడా దాచలేదు. అన్నీ విని ఆమె నన్నే అనుమానించింది.

"నన్ను అక్క దగ్గరికి పోనియ్యొద్దని జూస్తున్నవా?"

"పొమ్మనే అంటున్న. మిషన్ మీద పోయేముంగట కాదు, వచ్చినంక కూసో."

"గట్ల జేసినా ఎక్కలేకపోతే?"

"అప్పుడు నేను వెంట వస్త."

"ఎక్కితే?"

"ఎప్పటి లెక్కనే ఒక్కదానివే పో" అన్నాను. ఆమె ఒప్పుకుంది.

ఆ శుక్రవారం ఇద్దరం తిన్నగా బస్టాండుకు పోయాం. హాలు ముందు నుంచి పోతుంటే తెల్లకోటు మనిషి పిలిచాడు. ఆమె అటు చూడలేదు. బస్సు రాగానే ఆడవాళ్లు గుంపుగా కదిలారు. ఆమె కడ్డీ పట్టుకుంది. కాలు లేచింది, పాదం మెట్టు మీద పూర్తిగా ఆనింది, మోకాలు ఒక్కసారి వణికి నిలబడింది. మరుక్షణం లోపల ఉంది. ఆమె వెనక మొక్కజొన్న పొత్తుల సంచితో ఒకావిడ ఉంది. ఆవిడ చెయ్యి నా భార్య నడుముకు ఆసరా ఇచ్చిందేమోనని మెడ చాపి చూశాను. సంచి అడ్డమొచ్చింది. బస్సు కదిలిపోయింది.

సాయంత్రం తిరిగొచ్చాక అదే అడిగాను. ఆమె కాళ్లు కడుక్కుంటోంది. నా వైపు తిరగకుండానే, "వచ్చే వారం బస్టాండుకు రాకు" అన్నది.